పెంపుడు బిడ్డకు ఇంటిలో చోటు

తిరుచానూరి పద్మసరోవరముకడ నిలిచినవారికి అలమేలుమంగ కథ నెవరును చెప్ప నక్కఱలేదు. సంతానార్థియైన ఆకాశరాజు యజ్ఞభూమిని దున్నుచుండఁగా నాఁగటిచాలులో పద్మమునందొక బాలిక దొరకెననియు, నారాయణవనమున రాజదంపతులామెను పెంచిరనియు స్థలపురాణము చెప్పును. పిదప వారికి వసుదానుఁడను కుమారుఁడు కలిగెను. కథ చెప్పువారు ఈ యంశమును తఱచుగా విడిచిపుచ్చెదరు. కొడుకు పుట్టినను పద్మావతి పరాయిది కాలేదు. ఆమె కన్యాదానము నా రాజే చేసెను.

పురాణము చరిత్ర కాదు. చరిత్రలో నీ బాలిక గతి యేమై యుండును? ఆంగ్లేయుల న్యాయస్థానములు దత్తకమీమాంస, దత్తకచంద్రికలను ప్రమాణముగాఁ గొనెను. ఆ ధర్మమున దత్తత పిండోదకములకై యేర్పడినది. దేవదాసీల ఆచారమువంటివి తప్ప, ఆఁడుబిడ్డకు చోటు లేదు. బిడ్డను దానమిచ్చు నధికారము కన్నవారిదే కావున అనాథకును లేదు. నాఁగటిచాలు బిడ్డ రెండు విధములను ఓడిపోవును.

దత్తుఁడైన బాలునకైనను స్థైర్యమెంత? పిదప ఔరసుఁడు పుట్టెనా, చెన్నపురి రాజధానిలో దత్తునకు ఆస్తిలో 5వ పాలే. పుట్టుక వార్త విన్ననాఁడే ఆ బాలుని ముఖమెట్లు మాఱెడిదో యూహింపుఁడు! శూద్రులుగా నెన్నఁబడిన కుటుంబములలో మాత్రము సమభాగమని 1921లో ప్రీవీ కౌన్సిలు నిర్ణయించెను. సంస్కృతము చదివిన నాకు ఒప్పుకొనుట కష్టమే కాని, ఇందు శాస్త్రాభిమానుల యిండ్లకంటె వారి యిండ్లే న్యాయమునకు దగ్గఱగా నుండెను.

1956 చట్టము కూఁతును దత్తత చేసికొన నిచ్చెను, దత్తతను రద్దుచేయరాదనెను. కన్నవారెవరో తెలియని శిశువునకు 1962 సవరణతోఁగాని దారి దొరకలేదు. అయినను రద్దు కాని బంధమెల్ల చల్లని బంధము కాదు. బాలల న్యాయచట్టము ననుసరించిన దత్తతలలో 2 సంవత్సరములవఱకు 6 నెలలకొకసారి బిడ్డ క్షేమమును విచారింపవలెనని 2022 నిబంధనలు విధించినవి. పాత స్మృతులలో లేనిది ఇదియే.

కాగితములేని పెంపకములు మనయిండ్లలో నింకను పెక్కు. ఇటీవల నొక ముసలమ్మ తల్లిదండ్రులులేని మనుమరాలిని బడిలో చేర్ప వచ్చి, సంరక్షకుల గడిలో తన పేరుండవచ్చునా యని యడిగెను. బంధువులయింట పెరుగు నట్టి బిడ్డలకు మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4000 రూపాయలు దొరకవచ్చునని యామె యెన్నఁడును వినలేదు. దరఖాస్తు నేనే వ్రాసితిని.