పచ్చ సీట్ల కారు

ఈమారు పద్యమూ లేదు, ప్రబంధమూ లేదు. ఒక పాత కారును గురించి వ్రాయబూనుకొన్నాను. తెలుగు పండితుడికి కార్లతో ఏమి పని అని నవ్వుకోకండి. చివరికి ఇదీ పాఠనిర్ణయపు గొడవే.

మా మేనమామ కోనసీమలో వైద్యుడు. 1965లో ఆయన అంబాసిడరు కొన్నాడు. బెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పోసి, 2014 వరకు చేస్తూ వచ్చిన బండి అది. బెజవాడ నుండి కొవ్వూరు దాకా నడిపించుకొని వచ్చి, అక్కడ పంటు మీదికి ఎక్కించి గోదావరి దాటించారట. రాజమండ్రికి రోడ్డు-రైలు వంతెన వచ్చింది 1974లో కదా! రేవులో జనం పంటును వదిలి కారును చూశారని మా అమ్మ చెప్పేది.

నాకు తెలిసినప్పటి నుండి, అంటే 1986 తరువాత, ఆ కారు సీట్లు కుంకుమ రంగువి. అంతకు ముందువి నాకు గుర్తు లేవు. పిల్లలను అందులో ఎక్కనిస్తే గదా! నిరుడు మా బావ ఆ బండిని రాజమండ్రి షెడ్డుకు తెచ్చి, లోపలంతా కొన్ననాటి రంగుల్లోకి మార్పిస్తానని పట్టుబట్టాడు. కొన్ననాటి రంగేది? అప్పటి ఫోటో ఒక్కటే ఉంది, అదీ నలుపు తెలుపు. బంధువులను అడిగితే ఒకరు ఆకుపచ్చ అన్నారు, ఒకరు కాఫీ రంగన్నారు. అప్పుడు మా అమ్మ పెట్టెలో మామయ్య ఉత్తరం దొరికింది. "కారు క్షేమంగా చేరినది. సీట్లు పచ్చవి, చూడముచ్చటగా నున్నవి" అని ఒక్క వాక్యం.

బావ వెంటనే ఆకుపచ్చ రెగ్జిన్ కొలిపించబోయాడు. నేను అడ్డుపడ్డాను. పచ్చ అంటే ఆకుపచ్చ అని ఎవరన్నారు? పచ్చని పైరు ఆకుపచ్చే, కాని పచ్చకామెర్లు పసుపే. పచ్చచేమంతీ పసుపే, పచ్చజొన్నా పసుపే. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువు రెండర్థాలూ చెబుతుంది. పసుపు, పసిడి, పచ్చ ఒకే ధాతువు బిడ్డలు. మామయ్య తరం వారికి ఈ మాటతో ఏ చిక్కూ లేదు, ఎదుట వస్తువు ఉంది గనుక. చిక్కంతా మనకే.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ఉన్న సింహాసనపు కారును మీలో చాలామంది చూసే ఉంటారు. 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. లండనులోని బార్కర్ కంపెనీ వారు దాని పైకట్టు కట్టారు. చేయించమన్న మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే కన్నుమూశాడు, ఎక్కే యోగం లేకపోయింది. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కూడ ఏ ఉత్సవానికో తప్ప బయటికి తీయలేదు. కొన్ని వందల మైళ్ళు మాత్రమే తిరిగిందంటారు. దానికీ పునరుద్ధరణ జరిగింది. పైన పసుపు రంగు, లోపల నవాబుకు ఎత్తయిన ఆసనం, జరీ పని. ఊరేగింపుకు తప్ప తిరగని రాచబండికి ఒక్కటే పాఠం. రోగుల్ని మోసిన వైద్యుడి కారుకు ఎన్ని ప్రక్షిప్తాలో!

సరే, ఊహలు చాలించి బండినే అడుగుదామన్నాను. సీట్లలో ఆధారం లేదు. 1986 ఆగస్టు వరదలో అవి కుళ్ళిపోతే కొత్త పీచు కూర్చి కుట్టించారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. వెనుక తలుపు అట్ట ఊడదీయించాము. కుట్టుపనివాడు పాతదాన్ని తీయకుండా దాని మీదనే కుంకుమ రెగ్జిన్ బిగించాడు, పుణ్యాత్ముడు! దాన్ని ఒలిస్తే అడుగున పాతది. కింది సగమంతా ఎండిన ఒండ్రు. గీత గీసినట్టు నీటి మట్టం. ఆ గీతకు పైన, అద్దం పట్టీ కింద, ఎండా నీరూ తగలని రెండంగుళాల మేర లేత పసుపు. దోసగింజ మీద పసుపు చల్లినట్టు.

ఆ ముక్క పట్టుకొని దుకాణానికి వెళ్ళి, అలవాటుగా "పచ్చ రెగ్జిన్" అన్నాను. ఆకుపచ్చ చుట్ట తెచ్చి ముందు వేశాడు. నా పాండిత్యానికి తగిన శాస్తి.

పసుపు దొరికింది. ముందు సీట్లు, తలుపులు అయ్యాయి. వెనుక సీటు విప్పబోతుంటే అత్తయ్య రాజమండ్రి వచ్చింది. తొంబయ్యో పడిలో ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనుక కూర్చొని, కుంకుమ రెగ్జిన్ మీద చెయ్యి వేసింది. "బాగుందిరా. పసుపే, ఇప్పుడు గుర్తొచ్చింది. కాని ఇది మార్చకండి. మీ మామయ్యను కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ సీటు మీదనే" అంది.

రెండు ప్రతుల పాఠాలు కలిపి ఒక ప్రతి చేయడం పరిష్కర్తకు కూడని పని అని నేను ముప్ఫయి ఏళ్ళు పిల్లలకు చెప్పాను. షెడ్డులో ఆ మాట అనబోయి మానుకొన్నాను. బావ మేస్త్రీని పిలిచి, వెనుక సీటు కుట్లు ఎక్కడైనా ఊడితే వాటికి మాత్రం అదే రంగు దారం వేయమన్నాడు. ఒండ్రు గీత ఉన్న తలుపు అట్టను నేను అడిగి తెచ్చుకొన్నాను. మా ఇంట్లో పుస్తకాల బీరువా పక్కన ఆనించి ఉంది.