తాళంచెవి, అనుమతి: దస్తరం నుంచి డేటాబేస్ దాకా

1. ప్రస్తావన

డేటాబేస్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టగానే అది భద్రమైనట్లేనని చాలామంది భావిస్తారు. అయితే ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఫైలును ఎవరు తెరవవచ్చు? తెరిచినవారు ఏమేమి చేయవచ్చు? మొదటి ప్రశ్నకు జవాబు పాస్‌వర్డ్; రెండోదానికి జవాబు అనుమతి. ఈ తేడా కంప్యూటర్ల కంటే పాతదని ఈ పాఠంలో మీరు గమనిస్తారు.

2. కరణం, రిజిస్ట్రారు

కృష్ణా డెల్టా గ్రామాల్లో భూమి లెక్కలు తరతరాలుగా కరణాల చేతిలో ఉండేవి. అడంగల్ రాయడం, భద్రపరచడం, అడిగినవారికి చదివి చెప్పడం, అన్నీ ఒకే చేతి మీదుగా జరిగేవి. చదువురాని రైతుకు ఆ లెక్కను సరిచూసుకునే దారి ఉండేది కాదు. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం 1984లో రద్దు చేసింది.

దస్తావేజుల పద్ధతి వేరు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు ఆధారం 1908 నాటి చట్టం. దాని ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల 1వ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. 3వ పుస్తకంలోని వీలునామా నకలును, రాసిన వ్యక్తి జీవించి ఉన్నంతకాలం ఆయనకు లేదా ఆయన ఏజెంటుకే ఇస్తారు. 3, 4 పుస్తకాల్లో వెతికే పని అధికారిదే. పుటలకు వరుస సంఖ్యలు ముద్రించి, మొత్తం ఎన్ని పుటలో మొదట్లోనే ధ్రువీకరిస్తారు. కాబట్టి ఒక్క పుట మాయమైనా తెలిసిపోతుంది.

3. కంప్యూటరు ఫైలు

1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇలాంటి విభజనే కనిపిస్తుంది. వాడుకరులను బృందాలుగా చేసి చదవడం, చేర్చడం, మార్చడం, తొలగించడం అనే అనుమతులను విడివిడిగా ఇవ్వవచ్చు. కానీ 'అడ్మిన్' అనే ఖాతా పాస్‌వర్డ్ లేకుండానే వచ్చేది. దానిని అలాగే వదిలేస్తే ప్రవేశించేటప్పుడు ఎవరినీ పేరు అడిగేది కాదు. 2007 కూర్పులోని కొత్త ఫైలు రూపంలో వాడుకరివారీ అనుమతులు లేవు. ఫైలు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. అది తెలిసినవారికి ఫైలంతా తెరుచుకుంటుంది. విడివిడి అనుమతులు కావాలంటే సమాచారాన్ని సర్వర్ డేటాబేస్‌లోకి మార్చాలి.

4. సారాంశం

ఒక కార్యాలయంలో నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారనుకోండి. ఒక రైతు సర్వే నంబరు మారిపోతే ఎవరు మార్చారో ఫైలు చెప్పలేదు. రద్దయిన పాత కరణీకం అక్కడ మరో రూపంలో తిరిగి వచ్చినట్లే. పైగా కరణం ఎవరో ఊరికి తెలిసేది, ఇక్కడ అదీ తెలియదు. అందుచేత ఎవరి ఖాతా వారికి, పనికి తగినంత అనుమతి మాత్రమే ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పాస్‌వర్డ్‌కు, అనుమతికి గల తేడాను 1908 చట్టం ఆధారంగా వివరించండి.