టోకెను చేతికొస్తేనే బండి

మా ఆళ్లగడ్డకు రైలు లేదు, నంద్యాలకు ఉంది. చిన్నప్పుడు ఈ రెండు ఊళ్లకూ నాకు తెలిసిన తేడా అదొక్కటే. వేసవి సెలవులు రాగానే అమ్మ నన్ను శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కించి కండక్టరుకు అప్పజెప్పేది. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. నంద్యాల బస్టాండులో మామ నిలబడి ఉండేవాడు. మామది రైల్వే ఉద్యోగం. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి లైను మీద, నంద్యాల దాటి తూర్పుకు పోతే నల్లమల మొదలయ్యేచోట, ఒక చిన్న స్టేషనులో అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. క్వార్టర్సు స్టేషనుకు పక్కనే. మధ్యాహ్నం అన్నం క్యారియరు మోసుకుపోవడం నా పని. మామ తిన్నంతసేపూ ఆ గదిలో బల్ల మీద నిలిపిన రెండు ఇనప పెట్టెల్ని చూస్తూ కూర్చునేవాణ్ని.

నేనిప్పుడు పాతికేళ్లుగా సాఫ్ట్‌వేరులో ఉన్నాను. ఎన్నో రాశాను, ఎన్నో పోయాయి. నేను రాసినవాటిలో ఎక్కువకాలం బతికింది రెండు వందల లైన్లు కూడా లేని ఒక ఫైలు. దాన్ని మ్యూటెక్స్ ర్యాపరు అంటారు. ఒకే ప్రోగ్రాములో నాలుగైదు థ్రెడ్లు ఒకేసారి నడుస్తూ, అన్నీ ఒకే లెక్క మీద చెయ్యి వేయబోతే, ఒకటి లోపలున్నంతసేపూ మిగిలినవాటిని గుమ్మం దగ్గర ఆపేది మ్యూటెక్స్. దాన్ని విండోస్ ఒక పేరుతో పిలుస్తుంది, యూనిక్స్ ఇంకో పేరుతో. ఏ మిషను మీదికి పోయినా ఒకే పేరుతో పిలుచుకునేలా పైన కప్పే తొడుగు ర్యాపరు. ఆ ఫైలు చరిత్ర చెప్పాలంటే నేను మామ గదిలో నుంచే మొదలుపెట్టాలి.

ఆ పెట్టెల పేరు నీల్స్ బాల్ టోకెన్ ఇన్‌స్ట్రుమెంట్లు. ఒకటి అటువైపు స్టేషనుకు, ఒకటి ఇటువైపు స్టేషనుకు. లోపల ఉక్కు గుండ్లు. ప్రతి గుండు మీదా అది ఏ రెండు స్టేషన్ల మధ్యదో పేర్లు, ఒక నంబరు చెక్కి ఉంటాయి. మామ బండి పంపాలంటే ముందు గంట కొట్టి అవతలి స్టేషనును పిలవాలి. లైను ఖాళీగా ఉంటే అవతలాయన ఒప్పుకొని తన పెట్టె పిడి తిప్పాలి. అప్పుడే మామ పెట్టెలో నుంచి ఒక గుండు బయటికి జారుతుంది. అది ఒకసారి బయటికొచ్చిందా, ఇక ఈ చివర గానీ ఆ చివర గానీ రెండో గుండు రాదు. కరెంటు తీగతో రెండు చివర్ల పెట్టెలనూ అలా ముడివేశారు. బండి అవతలికి చేరి, ఆ గుండును అక్కడి పెట్టెలో వేసినాకే మళ్లీ ఇంకో బండి మాట.

గుండును తోలు సంచిలో వేసి, దానికున్న బెత్తపు చట్రాన్ని పాయింట్స్‌మన్ పైకెత్తి పట్టుకునేవాడు. ఆగని బండి అయితే ఫైర్‌మన్ ఇంజనులో నుంచి వంగి, చెయ్యి చట్రంలోకి దూర్చి లాక్కుపోయేవాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. డ్రైవరు సంచిని నమ్మేవాడు కాదు. విప్పి, గుండు మీది పేర్లు చదువుకునేవాడు. పక్క సెక్షను గుండు పొరపాటున చేతికొచ్చిందంటే ప్రాణాల మీదికే.

"సిగ్నలు చెయ్యి దిగినా గుండు చేతిలో ల్యాకుంటే బండి కదలదు అల్లుడూ. ఎవురు చెప్పినా కదలదు" అనేవాడు మామ. జిల్లా కలెక్టరు చెప్పినా కదలదా అని అడిగాను ఒకసారి. "కలెక్టరు గుండు తెస్తే కదుల్తాది" అన్నాడు.

ఈ లైను 1880ల్లో పడింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అని సర్కారు వేయించింది, సదరన్ మరాఠా రైల్వే నడిపింది. నల్లమల దాటడానికి బొగద సొరంగం తొలిచారు, దొరబావి లోయ మీద ఇనప వంతెన ఎత్తారు. అన్నీ ఒంటి పట్టాలే. ఒంటి పట్టాల మీద రెండు బండ్లు ఎదురెదురు రాకుండా చూడటం ఎట్లా అన్నది అప్పటికి ప్రపంచమంతా రైల్వేలవాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

అంతకు కొన్నేళ్ల ముందే, 1874 సెప్టెంబరు 10న, ఇంగ్లండులో నారిచ్ దగ్గర థార్ప్ అనేచోట రెండు బండ్లు ఒంటి లైను మీద ఢీకొని 25 మంది చనిపోయారు. ఎదుటి స్టేషనులో ఉన్న మెయిలును వదలమని ఒక ఇన్‌స్పెక్టరు తంతి కాగితం రాయించాడు. దాని మీద ఇంకా సంతకం పడలేదు, తంతి గుమాస్తా మాత్రం దాన్ని పంపేశాడు. సంతకం పెట్టలేదు కాబట్టి తంతి పోయి ఉండదనుకొని ఇన్‌స్పెక్టరు ఇటువైపు నుంచి ఎక్స్‌ప్రెస్సును వదిలాడు. రద్దు చెయ్యమని మళ్లీ తంతి కొట్టేసరికి, మెయిలు బయల్దేరిందని జవాబొచ్చింది. నాలుగేళ్లకు, 1878లో, ఎడ్వర్డ్ టయర్ తన ఎలక్ట్రిక్ టాబ్లెట్ పెట్టెను తెచ్చాడు. మాటను నమ్మకుండా వస్తువును నమ్మే పద్ధతి అది. మామ గదిలోని పెట్టెలు దానికి వరసకు తమ్ముళ్లు.

థార్ప్ కథ నేను 2000 సంవత్సరంలో హైదరాబాదులో చదివాను. అప్పటికి మొదటి ఉద్యోగంలో చేరి ఏడాది. టెలిఫోను బిల్లుల లెక్కలు చూసే ప్రోగ్రాము. నాకంటే ముందు రాసినాయన ఒక చిన్న గుర్తు పెట్టుకున్నాడు: సున్నా ఉంటే ఖాళీ, ఒకటి ఉంటే ఎవరో లోపలున్నట్టు. వచ్చిన థ్రెడ్డు సున్నా ఉందా అని చూస్తుంది, ఉంటే ఒకటి చేసి లోపలికి పోతుంది. చూడటానికీ ఒకటి చెయ్యడానికీ మధ్య ఇంకో థ్రెడ్డు వచ్చి తనూ సున్నానే చూస్తే? ఇద్దరూ లోపలే. మా ఆఫీసు మిషన్లకు ప్రాసెసరు ఒక్కటే కావడంతో నెలల తరబడి ఏమీ కాలేదు. కస్టమరు దగ్గర నాలుగు ప్రాసెసర్ల సన్ సర్వరు మీద పెట్టిన వారానికే బిల్లులు రెండు రెండు పడ్డాయి. సంతకం లేని తంతి ఇదే కదా అనిపించింది నాకు.

ఈ చూడటానికీ చెయ్యడానికీ మధ్య సందును మొదట కాగితం మీద పెట్టి పరిష్కరించినవాళ్లు డచ్చివాళ్లు. ఇద్దరి మధ్య తగువు తీర్చే ఉపాయం డెక్కర్ అనే గణితజ్ఞుడిది. ఎందరున్నా పనిచేసేదాన్ని ఎడ్స్‌హర్ డైక్‌స్ట్రా 1965లో ఒక చిన్న వ్యాసంగా అచ్చువేశాడు. దానికి ముందే సెమాఫోర్ అనే పరికరాన్ని ఊహించాడు. ఆ పేరు ఎక్కడిదో చెప్పనక్కర్లేదు, మామ స్టేషను బయట స్తంభం మీద ఎర్రచెయ్యి చాపుకొని ఉన్నది అదే. నన్నడిగితే డైక్‌స్ట్రా సిగ్నలు బదులు టోకెను పేరు పెట్టి ఉండాల్సింది. సిగ్నలు దారి చూపుతుందంతే, హక్కు ఇచ్చేది గుండు.

సరే, ఫైలు దగ్గరికి వస్తాను. మా ప్రోగ్రాము విండోస్ ఎన్‌టీ మీదా నడవాలి, సన్ సర్వర్ల యూనిక్స్ అయిన సొలారిస్ మీదా నడవాలి, ఆ తర్వాతి ఏడాది లైనక్స్ కూడా అన్నారు. యూనిక్స్ వైపు 1995లో పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం వచ్చి కొంత మేలు చేసింది. విండోసుది వేరే కులం. అక్కడ ఒకే ప్రోగ్రాములో వాడుకోవడానికి తేలికైన క్రిటికల్ సెక్షన్ ఒకటి, రెండు ప్రోగ్రాముల మధ్య కూడా పనికొచ్చే బరువైన మ్యూటెక్స్ ఒకటి. నేను తేలికైనదాన్ని తీసుకున్నాను. తొడుగు పైన మూడే పేర్లు: లాక్ వెయ్యి, లాక్ తియ్యి, దొరికితే లాక్ వెయ్యి. కింద ఏ మిషనుకు తగ్గ పిలుపు దానికి. ఒక పూటలో అయిపోయింది. గర్వంగా ఇంటికి పోయాను.

ఆ గర్వం పది రోజులుంది. విండోస్ మీద చక్కగా నడిచింది సొలారిస్ మీద నిలబడిపోయేది. లోపం లేదు, కేక లేదు, ఊరికే నిలబడేది. కారణం దొరకడానికి మూడు రాత్రులు పట్టింది. క్రిటికల్ సెక్షన్‌లో లాక్ వేసినవాడే మళ్లీ లాక్ అడిగితే విండోస్ నవ్వి, ఇంకో అంకె లెక్కపెట్టుకొని పోనిస్తుంది. పోసిక్స్ మామూలు మ్యూటెక్స్ పోనివ్వదు. గుండు తన చేతిలోనే పెట్టుకొని, అదే గుండు కోసం డ్రైవరు చెయ్యి చాచి నిలబడ్డట్టు. పేరు ఒకటి చేశాను గానీ ఇచ్చిన మాట రెండు చోట్లా ఒకటి కాలేదు.

ఏ మాట ఇవ్వాలి? సీనియర్లు విండోస్ పద్ధతే సుఖమన్నారు. నేను ఒప్పుకోలేదు. సెలవుకు నంద్యాల పోయి మామను అడిగాను: ఒకే బండికి రెండోసారి గుండు అడిగితే ఇస్తారా అని. మామ నా వైపు జాలిగా చూశాడు. "ల్యాకపోతే కదా అడిగేది. చేతిలో ఉండీ అడుగుతాండాడంటే వాడు తాగినాడన్నా ఉండాల, నిద్రన్నా పోతాండాల." తిరిగొచ్చి విండోస్ వైపు కూడా రెండోసారి అడిగితే అరిచి ఆగిపోయేలా రాశాను. ఆ అరుపుల వల్ల మా పాత కోడులో పదకొండు చోట్ల చేతిలో ఏముందో తెలియకుండా నడుస్తున్న బండ్లు బయటపడ్డాయి.

రెండో దెబ్బ నకలుది. సీ ప్లస్ ప్లస్‌లో దేన్నైనా ఇంకో ఫంక్షనుకు మామూలుగా అందిస్తే అది నకలు తీసి ఇస్తుంది. ఒకతను లెక్కల పుస్తకాన్ని అలా అందించాడు, లోపలున్న లాక్‌కూ నకలు పడింది. లాకులు రెండయ్యాయి, ఇద్దరూ దర్జాగా లోపలికి పోయారు. మామ గుండ్లకు ఊళ్లో కమ్మరి నకలు చెయ్యలేడా అంటే చెయ్యగలడు, కానీ చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకే గుండ్లన్నీ ఒక చివరే పోగైతే, సిగ్నలు శాఖ మనిషి వచ్చి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు తీసుకొని మరీ అవతలికి చేర్చేవాడు. నేను నకలు తీసే దారిని ప్రైవేటు చేసి మూసేశాను. రెండే లైన్లు. ఫైలు మొత్తానికీ విలువైనవి అవే.

మూడోది మరుపు. లాక్ వేసి, మధ్యలో ఏదో తప్పు దొర్లి, తియ్యకుండానే బయటపడటం. దానికి మందు అప్పటికే ఉంది. అమెరికాలో డగ్లస్ ష్మిట్ బృందం ఏస్ అనే లైబ్రరీలో ఇలాంటి తొడుగులన్నీ 1990ల్లోనే రాసి పెట్టింది. లోపలికి పోయేటప్పుడు ఒక కాపలాదారు వస్తువు పుట్టి లాక్ వేస్తుంది, ఏ దారిన బయటికొచ్చినా అది చస్తూ లాక్ తీస్తుంది. చూసి నేర్చుకున్నాను. ముందే చూసి ఉంటే మూడు రాత్రులు నిద్రపోయేవాణ్ని.

అన్ని ఊళ్లూ గుండు పద్ధతిలోనే నడవలేదు, అదీ చెప్పాలి. ఆళ్లగడ్డకు దగ్గర్లోని మా నాన్న వాళ్ల పల్లెలో చెరువు తూము తీసేది, మూసేది నీరుగంటి ఒక్కడే. రైతు చేతికి ఏ గుర్తూ వచ్చేది కాదు. వంతు వచ్చినవాడి మడికి ఆయనే నీళ్లు మలిపేవాడు, కళ్లంలో మేర, అంటే తన వాటా గింజలు, కొలిపించుకునేవాడు. కంప్యూటర్లలో దీన్ని మానిటర్ అన్నారు, 1974లో టోనీ హోర్ దాని మీద రాశాడు. జావా భాష ఆ దారిలోనే పోయింది. నీరుగంటి మంచివాడైతే ఇంతకంటే సుఖం లేదు. మా నాన్నకు ఆ విషయంలో వేరే అభిప్రాయాలుండేవి, అది ఇంకో కథ.

1990ల్లో మామ లైను బ్రాడుగేజి అయింది. దొరబావి వంతెన, పాత సొరంగం అడవికి వదిలేసి కొత్త దారి వేశారు. 2016 ఆగస్టులో నంద్యాల నుంచి బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా ఎర్రగుంట్లకు కొత్త లైను మీద బండి నడిచింది. ఆళ్లగడ్డ ఆ దారిలో కూడా లేదు. నా ఫైలుకూ రోజులు దగ్గరపడ్డాయి. 2011 ప్రమాణంతో సీ ప్లస్ ప్లస్‌లోనే మ్యూటెక్స్ వచ్చింది. రెండోసారి అడిగితే ఇచ్చేది వేరుగా, ఇవ్వనిది వేరుగా, నకలుకు మొదటి నుంచే తాళం. ఇక నా తొడుగుతో పని లేదు.

తీసేసే ముందు దాన్ని అచ్చు తీసి మామకు చూపించాను. రిటైరై చాలా ఏళ్లయింది అప్పటికి. కళ్లజోడు సర్దుకొని, అర్థం కాకపోయినా చివరిదాకా తిప్పాడు. తర్వాత ఒక రాత్రి సంగతి చెప్పాడు. ఘాటు సెక్షనులో గూడ్సు బండి మీద నుంచి సంచి జారి అడవిలో పడింది. రెండు చివర్లా పెట్టెలు బిగుసుకుపోయాయి. గ్యాంగ్‌మన్లు లాంతర్లు పట్టుకొని తెల్లవార్లూ వెతికారు, మామ కాగితం లైన్ క్లియర్ టిక్కెట్లు రాసి ఒక్కో బండినీ వదిలాడు. పొద్దున కంపచెట్లలో దొరికింది.

"మీదాంట్లో గుండు పట్టుకున్నోడు దారిలోనే పోతే ఎవురు ఎతుకుతారు?" అన్నాడు.

విండోస్ బరువైన మ్యూటెక్స్‌లో అయితే తర్వాత వచ్చినవాడికి ముందువాడు పోయాడని చెబుతారు, పోసిక్స్‌లో ఆ ఏర్పాటు 2008 ప్రమాణంలో వచ్చింది అన్నాను. "అది కాదప్పా, నీదాంట్లో?" అన్నాడు. కాగితం తిప్పి చూపించాను. నూట నలభయ్యో లైను దగ్గర 2001లో నేనే రాసుకున్న ఒక గమనిక ఉంది: దీని సంగతి తర్వాత చూడాలి.