నాటకరంగపు డాలు

చరిత్ర యనగానే మనకు కోటలును, శాసనములును, రాజుల వంశావళులును స్ఫురించును. నేడు నేను మనవి చేయదలచిన చరిత్ర అంత ఘనమైనది కాదు. అది నాటకము ముగిసిన మరునాడు అటకమీదికి చేరు డాలును గూర్చినది. కొయ్యయు, అట్టయు, రంగుకాగితమును కూర్చి చేసిన యా డాలు నిజమైన కత్తివేటునకు ఒక్క క్షణమైనను నిలువదు. అట్టి వస్తువునకు చరిత్ర యేమున్నదని మీరడుగవచ్చును. ఉన్నదనియే నా మనవి.

నా బాల్యమున మా యూర అభిమన్యుని కథను నాటకముగా నాడిరి. అభిమన్యుని వేషము ధరించినవాడు పదునాలుగేండ్ల బాలుడు. డాలు నిజమైనదివలె నుండవలెనని ముచ్చటపడి యువకులు కమ్మరిచేత ఇనుపరేకుతో నొకటి చేయించిరి. చూచుటకది దివ్యముగా నుండెను. పద్మవ్యూహ ఘట్టము వచ్చునప్పటికి రాత్రి రెండుజాములు దాటినది. బరువునకు బాలుని చేయి వాలిపోయినది. ఎదుటి వేషగాడు గదతో తాకినంతనే డాలంచు వెనుకకు మరలి పిల్లవాని కనుబొమ్మను చీల్చెను. నెత్తురు కారుచుండగా జనులు అదియు నటనయే యనుకొని చప్పట్లు కొట్టిరి. తల్లి మాత్రము కేకవేసి రంగముమీదికి పరుగెత్తినది. దైవకృపచే కన్ను దక్కెను గాని మచ్చ మాసిపోలేదు.

మరుసటి యేట నాటకమే వలదని కొందరు పెద్దలు పట్టుబట్టిరి. అప్పుడు మా యూరి వృద్ధ వడ్రంగి ముందునకు వచ్చి, “డాలు నేను చేసి యిచ్చెదను, పసిబిడ్డ యైనను మోయగలడు” అని పూచీపడెను. ఆయనకు అట్టలు తడుపుటయు, జిగురు కాచుటయు నా పని యైనది. అందుచేతనే నేడీ నాలుగు మాటలు చెప్పగలుగుచున్నాను.

పెద్దవాడనైన పిమ్మట భరతముని నాట్యశాస్త్రమును చదువుచు, మా వడ్రంగి చేసినది శాస్త్రసమ్మతమే యని తెలిసి ఆశ్చర్యపడితిని. ఆ గ్రంథము రమారమి రెండువేల యేండ్లనాటిదని పండితుల తలంపు. అందు ఆహార్యాభినయమును బోధించు అధ్యాయమున, రంగమునకై కల్పించు వస్తువులకు పుస్తమని పేరు పెట్టబడినది. కొండలు, వాహనములు, విమానములు, ధ్వజములు మున్నగువానితోపాటు చర్మవర్మములు, అనగా డాలును కవచమును, ఆ పట్టికలో చేరియున్నవి. చాప, తోలు, గుడ్డ మొదలగువానిని కూర్చి చేయునది సంధిమము. యంత్రముచే కదలునది వ్యాజిమము. గుడ్డ చుట్టి చేయునది వేష్టిమము. మన అట్టడాలు వీనిలో మొదటి తెగకు చేరదగినది.

బరువైన ఆభరణములు ధరించిన నటునకు చెమటయు, మూర్ఛయు కలుగునని భరతుడు హెచ్చరించెను. లక్క, పలుచని రేకులు, అభ్రకము వంటి తేలిక సరకులతో వానిని చేయుమనెను. రంగముమీద నిజముగా నరకుటయు, పొడుచుటయు, నెత్తురు కార్చుటయు కూడదని నిషేధించెను. మా యూరి బాలుని కనుబొమ్మ చీలిన రాత్రి ఈ విధులన్నియు మేమెరుగకయే అతిక్రమించితిమి. వడ్రంగి గ్రంథము చదువకయే పాటించెను.

ఇక డాలు పేర్లు చూతము. వీధిబడిలో అమరము వల్లించిన పెద్దలకు ఫలకము, ఫలము, చర్మము అను పర్యాయపదములు జ్ఞప్తి నుండును. పట్టుకొను పిడికి సంగ్రాహమని పేరు. ఫలక మనగా పలక. చర్మ మనగా తోలు. తెలుగున కేడెము, పలక, డాలు అను మూడు మాటలును కలవు. వీనిలో కేడెము సంస్కృతపు ఖేటకమునుండియు, డాలు ఉత్తరదేశపు భాషలనుండియు వచ్చినవి. ఈ పేర్లలో ఫలక చర్మములు రెండును డాలునకు కొయ్యయు, తోలును ముడిసరకులైన సంగతిని చాటుచున్నవి. కనుక కొయ్యతో చేసిన డాలును చూచి అబద్ధపు వస్తువని నవ్వుట తగదు.

కడపటి శతాబ్దములలో మన దేశమున వాడుకలోనుండిన డాలు గుండ్రనిది. తాబేటి వీపువలె నడుమ ఉబ్బెత్తుగా నుండునది. దున్నపోతు తోలుతోను, ఖడ్గమృగపు తోలుతోను, ఉక్కుతోను చేసెడివారు. దాని ముఖముమీద సామాన్యముగా నాలుగు గుబ్బలుండును. అవి అలంకారమునకే యని పలువురు తలచెదరు. నిజమునకు వెనుకనున్న పట్టెడలను బిగించు కడియముల మొదళ్లను ఆ గుబ్బలు కప్పుచుండును. లోపల పిడికిలి తగులుచోట చిన్న మెత్త యుండును. దెబ్బ తగిలినపుడు చేతివ్రేళ్లు నలుగకుండుటకే ఆ యేర్పాటు.

విజయనగర వైభవమును కన్నులార చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, సుమారు 1520వ సంవత్సరమున కృష్ణదేవరాయల సేనను వర్ణించుచు, డాళ్లను ప్రత్యేకముగా పేర్కొనెను. కొన్నింటిపై బంగారు వెండి పూవులును, కొన్నింటిపై పులులును, ఇతర మహామృగములును ఉండెనట. కొన్నింటికి వెండిరేకు పని, కొన్నింటికి రంగుల చిత్రణము. మరికొన్ని నల్లగా, అద్దమువలె మొగము కనబడునంత నునుపుగా నుండెనట. నల్లని నిగనిగయు, బంగారు పూవులును గల డాలును మన నాటకములలో ఎవరైన ధరించినచో, అది చరిత్రకు దూరము కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఆ డాళ్లన్నియు ఏమైపోయినవి? తుపాకి ముందు తోలుడాలు నిలువజాలదు గనుక యుద్ధములలో దాని ప్రయోజనము క్రమముగా సన్నగిల్లినది. 1800వ సంవత్సరమున దత్తమండలములు ఇంగ్లీషు కుంఫిణీవారి వశమైనవి. తరువాత మన్రో దొరగారు పాళెగాండ్రను అణచి వారి బలగములను చెదరగొట్టిరి. 1878వ సంవత్సరపు ఆయుధముల చట్టముచే ఖడ్గము, బల్లెము మున్నగువానికిని అనుమతిపత్రము కావలసివచ్చెను. కత్తి లేని యింట డాలునకు పనియేమి? నాకు తెలిసిన యొక పాత లోగిలిలో తాతలనాటి తోలుడాలు కొంతకాలము ధాన్యపు గాదెకు మూతగా నుండి, తుదకు చెదల పాలయ్యెను.

కాలము విచిత్రమైనది. నిజమైన డాలు మూలబడిన ఆ దినములలోనే తెలుగునాట ఆధునిక నాటకము తలయెత్తెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే నాటకము నాడించిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధను ప్రదర్శించిన కుటుంబములే తరువాత సురభి నాటకసమాజములుగా ప్రసిద్ధికెక్కినవి. 1886లో బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను స్థాపించిరి. 1897లో వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయము వెలువడినది. ఒకటి మరియొకదానికి కారణమని నేననను. అయినను, ఇండ్లలో డాలు కానరాని తరములవారికి డాలును చూపినది నాటకరంగమే యనుట నిశ్చయము.

ఇప్పుడు మా వడ్రంగి చేసిన విధము చెప్పెదను. ముందుగా ఆయన పొణికి కర్రను తెప్పించెను. కొండపల్లి బొమ్మలును, నిర్మల బొమ్మలును చేయు తేలికకర్ర అదియే. దానిని రెండు పలుచని బద్దలుగా కోసి, శిలువ యాకారమున ఒకదానిలో నొకటి ఒదుగునట్లు గాడి తీసి కూర్చెను. అది డాలునకు వెన్నెముక. బద్ద సందులను కొండపల్లివారి పద్ధతినే మక్కుతో, అనగా చింతగింజల పిండియు, రంపపు పొట్టును కలిపిన ముద్దతో, పూడ్చెను.

ముఖమునకు అట్ట కావలెను. ఒక వెడల్పాటి బాండిని బోర్లించి, దాని వీపునకు నూనె రాచి, పాత కాగితములను జిగురులో తడిపి పొరమీద పొరగా అంటించితిమి. జిగురు చింతగింజలది, పురుగు పట్టకుండ అందు చిటికెడు మైలుతుత్తము వేసితిమి. రెండు పొరలు వేయుట, నీడన ఆరబెట్టుట, మరల రెండు పొరలు వేయుట. ఎండబెట్టినచో అట్ట వంకరపోవును. ఎనిమిది పొరలు ముగియుటకు నాలుగు దినములు పట్టెను. పిదప బాండినుండి ఊడదీయగా ఉబ్బెత్తు డాలు ముఖము సిద్ధమైనది. దాని యంచులను సమముగా కోసి, మెత్తని గుడ్డపేలిక చుట్టి అంటించెను. “చీల్చినది అంచే గదా, అందుచే అంచునకే ముందు మెత్తదనము కావలెను” అని ఆయన అన్నమాట నాకింకను చెవిలో నున్నది.

అట్టముఖమును బద్దలపై నిలిపి, నాలుగు చిన్న కొయ్యగుబ్బలను ముందువైపున నుంచి, వాని వెనుకనుండి త్రాళ్లు దూర్చి బద్దలకు బిగించెను. ఆ త్రాళ్లకే గుడ్డ పట్టెడలు కట్టెను. నిజమైన డాలునందు గుబ్బలు చేయు పనినే ఇచ్చటను చేసినవి. తరువాత సుద్దపూత, దానిపై దీపపు మసితో నల్లరంగు, ఆపైన వార్నీషు. గుబ్బలకు మాత్రము బంగారుకాగితము. వ్యాసము పదునెనిమిది అంగుళములు. ఎత్తి చూడగా చేటకంటె బరువు లేదు. ఆ రాత్రి పెట్రోమాక్సు వెలుతురున అది మెరసిన మెరుపు ఇనుపరేకునకు లేదు. ముఖ్యముగా, తొలియేటి బాలుడే మరల అభిమన్యుడై, తల్లి ముందువరుసలో కూర్చుండగా, తెల్లవారువరకు పోరాడి చిరునవ్వుతో ఇంటికి వెళ్లెను.

శ్రోతలారా! ఇంతవరకు బరువును గూర్చి చెప్పితిని. ఇక రూపమును గూర్చి యొక మాట చెప్పి ముగించెదను. కొన్నియేండ్ల క్రిందట పొరుగూర నాటకమున అభిమన్యుని డాలును చూచితిని. అది పైన సమముగా, క్రింద మొనదేలి, నడుమ రెండుకాళ్లపై లేచిన సింహముతో నుండెను. అది మన దేశపు రూపము కాదు. క్రిందికి మొనదేలు పొడవాటి డాలు యూరపుఖండపు రౌతులది. కాలునుకూడ కప్పుటకై వారట్లు చేసికొనిరి. 1066లో ఇంగ్లండున జరిగిన యుద్ధమును చూపు కుట్టుపని వస్త్రమొకటి ఫ్రాన్సునందలి బాయో నగరమున కలదు. దానిపై అట్టి డాళ్లు ధరించిన రౌతులు కానవచ్చుచున్నారు. ఆ రూపమే పిమ్మట కురుచయై, సింహములు మొదలగు గుర్తులతో వారి ప్రభువుల చిహ్నమైనది. అది వారి చరిత్ర, వారికది గౌరవమే. అభిమన్యునికి దానితో సంబంధము లేదు.

మరునాడు మా మనుమడు పలకమీద అభిమన్యుని బొమ్మ వేసెను. చేతిలో ఆ మొనదేలిన డాలే, నడుమ ఆ సింహమే! నేనేమియు కోపపడలేదు. వానిని వెంటబెట్టుకొని మా యూరి చెరువుకట్ట క్రిందనున్న వీరగల్లు నొద్దకు పోయితిని. సున్నమును, బురదను కడుగగా రాతిలో వీరుని కుడిచేతి కత్తియు, ఎడమచేతి గుండ్రని కేడెమును బయటపడినవి. వాడు వ్రేలితో ఆ గుండ్రమును పలుమార్లు తడవి చూచి, ఇంటికి వచ్చి తన బొమ్మను తానే చెరిపి మరల వేసెను.

గ్రంథము చదువనివారికిని, చదువుట యింకను రానివారికిని నాటకమే చరిత్ర పాఠము. అందు డాలు తేలికగా నుండవలెను. రూపము మాత్రము నిజమైనదై యుండవలెను. పలనాటి కారెంపూడిలో కార్తికమాసమున వీరుల ఆయుధములను నేటికిని పూజించుచున్నారు. అట్టి నిధి ప్రతి గ్రామమునకు లేకపోవచ్చును. కాని మన రాయలసీమలోను, తెలంగాణమునను ఎన్ని గ్రామముల పొలిమేరలలో వీరగండ్లు లేవు? మీ యూరి యువకులు ఈ యేడు నాటకము తలపెట్టినచో, పెద్దలైన మీరు వారిని ఒక్కమారు ఆ రాతియొద్దకు కొనిపొండు. కొలతలు తీసికొననిండు. పిదప పాత కాగితములును, చింతగింజల జిగురును, రెండు తేలికబద్దలును చాలును. అంచునకు మాత్రము గుడ్డ చుట్టుట మరువవలదని చెప్పుడు.