ఉక్కు కొలిమి – పనివారి విద్య

యంత్రమును ధనమిచ్చి కొనవచ్చును. దానిని నడపు నేర్పు అట్లు లభించునది కాదు. మన దేశపు ఉక్కు చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించుచున్నది.

పూర్వము నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున కమ్మరులు మూసలలో ఉక్కును సిద్ధపరచెడివారు. పారసీక వర్తకులు కత్తులకై దానిని కొనిపోయెడివారు. అచ్చట కొలిమియే బడి, తండ్రియే గురువు. గిరాకి సన్నగిల్లి కొలుములు చల్లారగా, ఆ విద్యయు వానితోడనే అంతరించెను.

1907వ సంవత్సరమున టాటా ఉక్కు సంస్థ ఏర్పడెను. సాక్చి గ్రామమున 1911 డిసెంబరులో ఇనుమును, 1912 ఫిబ్రవరిలో ఉక్కును తీసిరి. ఆ యూరికే 1919లో జంషెడ్‌పూరను పేరు వచ్చెను. యంత్రములు సముద్రము దాటి వచ్చెను. వానిని నడపువారును అట్లే వచ్చిరి. కరగిన లోహపు స్థితిని నీలిగాజు గుండ చూచి గ్రహింపవలసి యుండెను. తొందరపడినను, ఆలసించినను పాకము చెడును. అట్టి చూపు గ్రంథపఠనమాత్రమున అలవడదు.

విదేశీయులకు అధికవేతనము లీయవలసి వచ్చెను. 1917లో ఆరంభమైన విస్తరణముచే క్రొత్తరకపు కొలుములు, క్రొత్త యంత్రములు రానుండెను. కావున సంస్థవారు 1921లో సాంకేతిక విద్యాలయమును స్థాపించిరి. చదువుకొన్న యువకులకు అచ్చట పాఠమును, కర్మాగారమున పనియు జతగా నేర్పిరి. క్రమముగా విదేశీయుల స్థానములను భారతీయులు పొందిరి. ఇది కేవలము దానధర్మము కాదు, సంస్థకును లాభకరమే.

అయినను ఈ కథకు రెండవ ముఖము కలదు. మన ఉత్తరాంధ్రమునుండియు పెక్కురు ఆ యూరికి పనికై వలసపోయిరి. బరువులు మోయు సామాన్య కూలికి ఆ విద్యాలయద్వారము తెరువబడలేదు. యంత్రము పెరిగి చేతుల యవసరము తగ్గినప్పుడు మొదట తొలగింపబడువాడు అతడే. 1928లో జరిగిన గొప్ప సమ్మెకు పనివారిని తగ్గించుటయు ఒక ముఖ్యకారణము. నేర్చినవానికి యంత్రము ఉన్నతి నిచ్చెను. నేర్పు దొరకనివానికి అదే ప్రతికక్షి యయ్యెను.

కోనసముద్రమున విద్య కుటుంబమునకు పరిమితమై నశించెను. జంషెడ్‌పూరున కొందరికే పరిమితమై కలహమునకు దోహద మయ్యెను. కావున మీ గ్రామమున మిల్లుగాని, కర్మాగారముగాని పెట్టుదుమని యెవరేని వచ్చినచో, ఎందరికి పని యిత్తురని మాత్రమే అడిగి ఊరకుండకుడు. ఆ పనిని మా పిల్లల కెవరు నేర్పుదురు, ఎన్నాళ్లు నేర్పుదురు, యంత్రము మారిననాడు మరల నేర్పుదురా యనియు అడుగుడు. భూమి నిచ్చుటకు పూర్వమే ఆ యుత్తరము వ్రాతలో నుండవలయును.