అప్పులిచ్చే కంపెనీల లైసెన్సు: బహిరంగ ప్రకటన

వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కోరేవారు, నడుస్తున్న ఫైనాన్స్ కంపెనీని చేతులు మార్చేవారు ఆ సంగతి జనానికి ముందే తెలియజేయాలనే చట్టపరమైన షరతే బహిరంగ ప్రకటన. అప్పిచ్చేది ఎవరో తీసుకునేవాళ్ళకు తెలియాలి, అతని నడత ఎరిగినవాళ్ళకు అభ్యంతరం చెప్పే వీలుండాలి. ఈ షరతులోని న్యాయం అదే.

దీనికి స్పష్టమైన పాత రూపం ఇంగ్లండులో 1872 నాటి తాకట్టు వ్యాపారుల చట్టంలో కనిపిస్తుంది. కొత్తగా కొట్టు తెరవదలచినవాడు సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టడానికి కనీసం 21 రోజుల ముందు తన పేరు, చిరునామా రాసి పేదల సహాయం చూసే స్థానిక అధికారికి ఒకటి, పోలీసు సూపరింటెండెంటుకు ఒకటి రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపాలి. అంతటితో సరిపోదు. అర్జీకి ముందరి 28 రోజుల్లో, వరసగా రెండు ఆదివారాలు, పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా చర్చి తలుపు మీద అదే నోటీసు అంటించి ఉంచాలి. ఆదివారం నలుగురూ మసలే గుమ్మం అది. వారం మధ్యలో కోటో దుప్పటో కుదువపెట్టుకునే కూలి మనిషి అక్కడ ఆగి ఆ పేరు చదువుకోవచ్చు, చదువు రాకపోతే పక్కవాణ్ణి అడగొచ్చు. సర్టిఫికెట్టు నిరాకరించడానికి చట్టం ఒప్పుకున్న కారణాలు మూడే: మంచి నడతకు రుజువు చూపకపోవడం, కొట్టు దొంగలకు నెలవు కావడం, నోటీసు నిబంధన తప్పడం. నోటీసు ఎగ్గొట్టడాన్ని దొంగల సావాసం పక్కనే నిలబెట్టారు.

1974 నాటి బ్రిటిష్ వినియోగదారుల రుణ చట్టం పబ్లిక్ రిజిస్టరు తెచ్చింది. ఇంకా తేలని అర్జీల వివరాలు కూడా 2014 దాకా అందులో ఉండేవి.

మన దేశంలో 1997లో రిజర్వు బ్యాంకు చట్టానికి చేర్చిన 45-ఐఏ సెక్షన్ బ్యాంకింగేతర ఫైనాన్స్ కంపెనీలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. సర్టిఫికెట్టు ఇవ్వడం ప్రజాహితమా కాదా అని చూడమంటుందే గాని, అర్జీ వచ్చిందని ప్రజలకు చెప్పమనదు. ఇది పెద్ద లోటే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010 అక్టోబరులో తెచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు మరో దారి పట్టింది. సంస్థ ఏయే ఊళ్ళలో అప్పులిస్తుందో, వడ్డీ ఎంతో, వసూలు ఎలాగో, వసూలుకు వచ్చేది ఎవరో జిల్లా రిజిస్ట్రేషన్ అధికారికి రాసివ్వాలంది. రిజర్వు బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తేల్చింది.

పత్రికా ప్రకటన మనకు కంపెనీ చేతులు మారేటప్పుడే ఎదురవుతుంది. 2015 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం యాజమాన్యం మారడానికి కనీసం 30 రోజుల ముందు ఒక ప్రముఖ జాతీయ పత్రికలోను, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటి భాషా పత్రికలోను నోటీసు వేయాలి. ఆఫీసు హైదరాబాదులో ఉంటే తెలుగు దినపత్రికలో చిన్న అక్షరాల పెట్టె ఒకటి కనిపిస్తుంది. కొనేదెవరో, ఎందుకు అమ్ముతున్నారో అందులో ఉండాలి. అయితే ఆ నోటీసు వేసేది రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి చేతికొచ్చాకే.