లాప్‌టాప్ మరమ్మతులో ముందు చెప్పని ఛార్జీలు

హోసూరు నుండి బెంగుళూరుకు, యానాం నుండి కాకినాడకు, సిరొంచ నుండి మంచిర్యాలకు, పర్లాకిమిడి నుండి విశాఖపట్నానికి: సరిహద్దు కుటుంబాల లాప్‌టాప్ చెడిపోతే అది తరచుగా రాష్ట్రం దాటి మరమ్మతుకు వెళుతుంది. కీబోర్డుకు 1,800 రూపాయలని చెప్పిన దుకాణదారుడు వారం తరువాత 4,500 రూపాయల బిల్లు చేతిలో పెడితే, ఊరుగాని ఊరిలో వాదించలేక చెల్లించి వచ్చేవారే ఎక్కువ.

పెరిగిన ప్రతి బిల్లూ మోసం కాదు. పలు మోడళ్లలో కీబోర్డు పైభాగపు చట్రానికి రివెట్లతో బిగించబడి ఉంటుంది. అప్పుడు చట్రమంతా మార్చక తప్పదు. లోపల నీరు చేరి మదర్‌బోర్డు పాడైన సంగతి, బ్యాటరీ ఉబ్బిన సంగతి విప్పి చూచిన తరువాతనే బయటపడవచ్చు. ఖర్చు పెరుగుతుందని తెలిసిన తరువాత కూడా యజమానిని అడుగకుండా పని సాగించడమే తప్పు. పరీక్ష రుసుము, డేటా భద్రపరచిన రుసుము, విండోస్ వేసిన రుసుము అంటూ చివరిలో చేరే చిల్లర పద్దులు కూడా ఈ కోవలోనివే.

కాబట్టి యంత్రాన్ని అప్పగించేటప్పుడు ఇచ్చే జాబ్ షీటే ప్రధానం. అది కన్నడంలోనో తమిళంలోనో ఉంటే సంతకానికి ముందే చదివించుకోవాలి. సీరియల్ సంఖ్య, ర్యామ్, ఎస్‌ఎస్‌డిల సామర్థ్యం, చార్జరు ఇచ్చినదీ లేనిదీ, అంచనా మొత్తం, అందులో పన్ను కలిసినదా లేదా, మరమ్మతు వద్దనుకుంటే పరీక్షకు ఎంత చెల్లించాలి అన్నవి అందులో ఉండాలి. "ఈ మొత్తం దాటితే ముందుగా అడిగి అంగీకారం పొందాలి" అన్న ఒక్క వాక్యం చేతితో వ్రాయించినా చాలు. దానిని ఫోనులో ఫోటో తీసుకోవాలి. తరువాత ఖర్చు పెరిగిందని ఫోను వస్తే సమాధానాన్ని సందేశంగానే పంపాలి. నోటిమాటకు సాక్ష్యం మిగలదు. తీసివేసిన పాత భాగాలు తిరిగి కావాలని కూడా అప్పుడే చెప్పాలి, పని ముగిసిన తరువాత అడిగితే అవి దొరకడం అరుదు.

మరమ్మతు సేవపై జీఎస్టీ 18 శాతం. హద్దు దాటి వచ్చినందుకు అదనపు పన్ను ఏదీ లేదు. పన్ను వసూలు చేసే దుకాణం బిల్లుపై 15 అక్షరాల, అంకెల నమోదు సంఖ్య ఉండాలి. దాని మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: కర్ణాటక 29, తమిళనాడు 33, ఒడిశా 21, మహారాష్ట్ర 27, యానాం చేరిన పుదుచ్చేరి 34, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. నమోదు లేని దుకాణం గానీ, కాంపోజిషన్ పథకంలోని దుకాణం గానీ వినియోగదారుని నుండి జీఎస్టీ వసూలు చేయరాదు.

అదనపు సొమ్ము ఇవ్వనిదే లాప్‌టాప్ ఇవ్వమంటే? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, నైపుణ్యంతో పని చేసినవానికి తన న్యాయమైన కూలి అందేవరకు వస్తువును నిలుపుకొనే హక్కు ఉన్నది. అయితే ఆ హక్కు ఒప్పుకున్న పనికే గాని అడుగకుండా చేసిన పనికి కాదు. పిల్లల చదువుకు యంత్రం తక్షణం అవసరమైతే, బిల్లుపై "అభ్యంతరంతో చెల్లించడమైనది" అని వ్రాసి చెల్లించి, తరువాత ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే.

సరిహద్దువాసులు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఇది. 1986 నాటి చట్టం కింద సాధారణంగా దుకాణం ఉన్నచోటనో, వివాదం పుట్టినచోటనో కేసు వేయవలసి వచ్చేది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసుకునే ప్రాంతంపై అధికారం గల జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. బెంగుళూరు దుకాణంపై హోసూరు కుటుంబం తమ కృష్ణగిరి జిల్లా నుండే ఫిర్యాదు చేయవచ్చునన్నమాట. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే కమిషన్ రుసుము లేదు, గడువు రెండేళ్లు. 2025 జనవరి 1 నుండి ఇ-జాగృతి వెబ్‌సైటు ద్వారా కూడా దాఖలు చేయవచ్చు.

అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేయడం సులువు. ఈ జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం తెలుగులోనూ మాట్లాడుతుంది. దుకాణంతో రాజీకి ప్రయత్నిస్తుంది గాని తీర్పు చెప్పదు. వ్యాపార అవసరానికి వాడే లాప్‌టాప్‌కు సాధారణంగా ఈ చట్టం వర్తించదు, స్వయం ఉపాధితో జీవనం గడుపుకునేవారికి మాత్రం మినహాయింపు కలదు.